ఎనభై ఆరు పేర్లు

సినిమా అంటే ఆదినారాయణకు ముందుగా గుర్తొచ్చేది బరువు. బిలాస్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై మూడేళ్లు గుమాస్తాగా పనిచేసినవాడికి మరొకటి ఎలా గుర్తొస్తుంది? విశాఖపట్నం నుంచి వచ్చే లింకు ఎక్స్‌ప్రెస్ సామాన్ల బ్రేకువానులోంచి సినిమా రీళ్లున్న మూడు ఇనుపపెట్టెలు దిగేవి. ఒక్కో పెట్టె ఎత్తడానికి ఇద్దరు కూలీలు కావాలి. మూతల మీద తెల్లరంగుతో సినిమా పేరు, దాని కింద చాక్‌పీసుతో అది తిరిగొచ్చిన ఊళ్ల పేర్లు ఉండేవి. పలాస, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ. అన్ని ఊళ్లూ తిరిగి ఇక్కడికి చేరేసరికి సినిమాకు ఏడెనిమిది నెలల వయసు వచ్చేది. తెర మీద ఆపకుండా వాన కురుస్తున్నట్టు గీతలు. అయినా ఆదివారం ఉదయం తొమ్మిదింటికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మూడు వందల కుర్చీలూ నిండేవి. సాయంత్రం బండికి పెట్టెలు ఖరగ్‌పూర్ వెళ్లిపోవాలి. అక్కడా మన రైల్వేవాళ్లు కాచుకుని ఉండేవారు.

హాలు నింపేది ఆదినారాయణ చేతిలోని జాబితా. ఆ వారం డ్యూటీ దిగాక సైకిలెక్కి క్వార్టర్లన్నీ తిరిగేవాడు. క్వార్టర్ నంబరు, ఇంటాయన పేరు, ఎంతమంది. అంతే రాసుకునేవాడు. ముందుగా ఎవరి దగ్గరా పైసా అడగలేదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి పట్టాల గ్యాంగు పనికీ, ఇంజన్ల షెడ్డు పనికీ వచ్చి ఇక్కడే మూడు తరాలు గడిపిన కుటుంబాలవి. ముందే డబ్బు పెట్టమంటే నీ మాట మీద నాకు నమ్మకం లేదన్నట్టే. పేరు రాయించుకున్నవాడు రాకపోతే తర్వాతి ఆదివారం పదిమందిలో తలెత్తుకోలేకపోయేవాడు. ఒకేడాది మాత్రం ఒక ఇంటి పేరు రెండుసార్లు పడింది. ఆయన షెడ్డులో రాయించాడు, ఆవిడ ఇంటి దగ్గర రాయించింది. నలుగురికి ఎనిమిది కుర్చీలు. ఆ రోజు హాల్లో చొక్కాలు చిరిగాయి. అప్పటినుంచి ఆదినారాయణ ఒక నియమం పెట్టుకున్నాడు. ఒక ఇల్లు, ఒకసారి, ఒకచోట.

తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. వాటి తర్వాత సీడీలు, డిష్షులు, ఫోన్లు. పెట్టెలు రావడం ఆగిపోయింది. ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఇప్పుడు పెళ్లి రిసెప్షన్లు చేస్తున్నారు. ఆదినారాయణ రిటైరై హేమూనగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. భార్య కనకం, తను. డెబ్బై ఒకటో ఏడు వచ్చింది. ఇక సినిమాలతో తనకు పనిలేదనుకున్నాడు.

కానీ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు నాగేంద్ర సినిమా తీశాడు.

నాగేంద్రకు ఈ పిచ్చి పట్టింది ఆ పెట్టెల మీద కూర్చునే. పదేళ్ల వయసులో పార్సిల్ ఆఫీసు చీకట్లో పెట్టెకు చెవి ఆనించి, లోపల పాటలు వినబడతాయేమోనని చూసేవాడు. ఇరవై ఆరో ఏట హైదరాబాద్ వెళ్లి, పదిహేడేళ్లు ఎవరెవరి సినిమాలకో అసిస్టెంటుగా పనిచేశాడు. నలభై మూడో ఏట ఎలాగో తన సినిమా పూర్తిచేశాడు. పేరు ‘నాలుగింటి పిలుపు’. పేరున్న నటులు లేరు. ఆంధ్రలో ఇరవై హాళ్లు దొరికాయి, అవీ ఒక్కో ఆటకి.

ఆ సినిమా కథ ఈ కాలనీదే. ఫోన్లు లేని రోజుల్లో ఇంజన్ డ్రైవర్లను డ్యూటీకి లేపడానికి రైల్వేవాళ్లు ఒక మనిషిని పెట్టేవారు. కాల్‌బాయ్ అనేవారు. తెల్లవారుజామున లాంతరు పట్టుకుని కిటికీ కిటికీ తట్టి, డ్రైవరు చేత పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం వాడి పని. యాభై దాటినా పేరు బాయే. ఆదినారాయణ పక్కింటి పోలయ్య ఆ పనిలోనే రిటైరయ్యాడు. ఎనభై రెండేళ్లవాడు. నాగేంద్ర అతన్ని చూసే కథ రాశాడు.

సినిమా విడుదలకు వారం ముందు నాగేంద్ర ఫోన్ చేశాడు.

“నాన్నా, బిలాస్‌పూర్‌లో ఒక ఆట ఇచ్చారు. ఆదివారం తొమ్మిదింటికి, మాల్‌లో. ఆ ఒక్క ఆట నిండితే డిస్ట్రిబ్యూటరు భిలాయి, ఖరగ్‌పూర్ కూడా వేస్తానన్నాడు. ఆంధ్ర బైట కూడా ఆడతాదని చూపిస్తేనే రెండో వారం. లేకపోతే గురువారంతో తీసెస్తారు.”

“తీసెస్తే?”

“తీసెస్తే ఏటుంది నాన్నా. ఓ సీరియల్ ఆఫీసోళ్లు ఎడిటింగ్‌కి రమ్మన్నారు. ఎల్లిపోతాను.”

ఆ మాట అన్న గొంతులో ఏ ఏడుపూ లేదు. అందుకే ఆదినారాయణకు భయమేసింది.

“నిండడం నాకొదిలెయ్” అన్నాడు.

మర్నాడే మాల్‌కు వెళ్లాడు. మేనేజరు సాహూ ఇక్కడివాడే, ముప్పై ఏళ్లుండవు. అంకుల్‌జీ అంటూ కుర్చీ వేశాడు. మాటలన్నీ హిందీలోనే.

“పెట్టె ఏ బండికి వస్తుంది బాబూ?” అని ఆదినారాయణ అడిగాడు.

సాహూ నవ్వాడు గానీ వెక్కిరింపుగా కాదు. “పెట్టె రాదు అంకుల్‌జీ. సినిమా ఉపగ్రహం నుంచి మా మెషీన్‌లోకి దిగుతుంది. దానికి తాళం ఉంటుంది. ఆట వేళకి ముంబై ఆఫీసువాళ్లు అక్కడినుంచే తెరుస్తారు.”

“తాళం మీ దగ్గర ఉండదా?”

“నా దగ్గర ఏసీ స్విచ్చి కూడా ఉండదు. ఒక్క విషయం అంకుల్‌జీ. ఆదివారం పొద్దున్న ఎనిమిదిలోగా నలభై సీట్లు బుక్ అయి ఉండాలి. లేకపోతే సిస్టం దానంతట అదే ఆ ఆట తీసేసి వేరే సినిమా పెట్టేస్తుంది.”

“నలభయ్యా? ఎనభై ఇస్తాను.”

“అచ్ఛా? అయితే ఇంకేం కావాలి” అన్నాడు సాహూ.

ఆ నాలుగు రోజులూ ఆదినారాయణకు యాభయ్యేళ్ల వయసే ఉన్నట్టుంది. సైకిలు తొక్కడం కనకం ఎప్పుడో మాన్పించింది. ఆటోల్లో తిరిగాడు. కన్‌స్ట్రక్షన్ కాలనీ, తోర్వా, వైర్‌లెస్ కాలనీ. దగ్గర్లోని కోటా ఊళ్లో స్థిరపడ్డ ఒక పాత గార్డు ఇంటికి ప్యాసింజరెక్కి వెళ్లాడు. సీపత్ కరెంటు ప్లాంటు టౌన్‌షిప్‌కు బస్సెక్కి వెళ్లాడు. ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట. మన నాగేంద్ర సినిమా. మన పోలయ్య కథ. ఆదివారం తొమ్మిదింటికి.

“నాగేంద్రంటే మా గోడ మీద బొగ్గుతో బొమ్మలేసిన గుంటడేనా?” అంది ఒక ముసలమ్మ.

“ఆడే.”

“ఆ గోడ కడిగించినావేటి? రాసుకో, అయిదుగురం.”

రిటైరైన డ్రైవరు బంగార్రాజు వాకిట్లోనే పట్టుకున్నాడు. “సినిమాలో డ్రైవరు మంచోడా, చెడ్డోడా? అది చెప్పు ముందు.”

“నిద్రపోతు.”

“అయితే నేనే. ముగ్గురం రాయి.”

సీపత్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో పదిమంది పేర్లు దొరికాయి. ఆమె పేరు జ్యోతిర్మయి, కరీంనగర్ పిల్ల. తోటి ఉద్యోగులను కూడగట్టింది. పేర్లు చెప్పాక ఫోన్ తీసింది.

“అంకుల్, పదీ యాప్‌లో ఇప్పుడే వేసేస్తాను. ఒక్క నిమిషం పని.”

“వద్దమ్మా, వద్దు” అని ఆదినారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు. “నీ పేరు నేను రాసుకున్నాను కదా. జాబితా మేనేజరుకి ఇస్తాను. నువ్వు ఫోన్లో కూడా వేస్తే లెక్క రెండుసార్లవుతాది. నీ పదిమందికి ఇరవై కుర్చీలు పోతాయి. పాపం ఎవులో ముసిలోళ్లు నిలబడాలి.”

“అట్ల ఉండదేమో అంకుల్.”

“ముప్పై ఏళ్లు నేను చేసిన పనమ్మా ఇది.”

ఆమె ఫోన్ పక్కన పెట్టేసింది. పెద్దాయన మాట కాదనడం ఇష్టంలేకపోయింది. తోర్వాలో ఇద్దరు కుర్రాళ్లు, వైర్‌లెస్ కాలనీలో ఒక టీచరమ్మ కూడా యాప్‌లో వేస్తామన్నారు. వాళ్లనూ అదే మాట చెప్పి ఆపాడు.

మొత్తం ఎనభై ఆరు పేర్లు. సాహూకు తెలుగు రాదు గనక గురువారం రోజంతా కూర్చుని అన్నీ హిందీ అక్షరాల్లో రెండు కాగితాల మీద మళ్లీ రాశాడు. కనకం పక్కన కూర్చుని చదివి సరిచూసింది. శుక్రవారం ఆ కాగితాలు తీసుకెళ్లి సాహూ చేతికిచ్చాడు. సాహూ తిప్పి తిప్పి చూశాడు.

“ఇదంతా మీరొక్కరే రాశారా అంకుల్‌జీ? చాలా కష్టపడ్డారు. ఠీక్ హై, ఠీక్ హై.”

టీ తెప్పించాడు. ఆదినారాయణ తాగి వచ్చేశాడు. హాలువాడు కాగితం పుచ్చుకుని టీ ఇచ్చాడంటే పని అయిపోయినట్టే. ఆయన ఎరిగిన లోకంలో దానికి మించిన రసీదు లేదు.

శనివారం మధ్యాహ్నం నాగేంద్ర ఫోన్ చేశాడు.

“నాన్నా, యాప్‌లో సీట్లన్నీ ఖాళీగా కనబడతన్నాయి.”

“అది ఫోను సంగతి. నా జాబితా మేనేజరు దగ్గరుంది. ఎనభై ఆరు.”

“ఇచ్చినావా? చూసినాడా?”

“చూసి టీ ఇచ్చినాడు. ఏరా, నీ చిన్నప్పట్నుంచి నా జాబితా ఎప్పుడేనా తప్పినాదేటి?”

మూడు వందల కుర్చీలు నిండడం కళ్లారా చూసి పెరిగినవాడు నాగేంద్ర.

“లేదు నాన్నా” అన్నాడు.

ఆదివారం ఎనిమిదిన్నరకే మాల్ ముందు ఆటోలు ఆగడం మొదలైంది. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు. పోలయ్య కొత్త పంచె మీద తన పాత రైల్వే కోటు వేసుకున్నాడు. ఎండాకాలంలో కోటేమిటని ఎవరూ అడగలేదు. కనకం స్టీలు డబ్బాలో అరిసెలు తెచ్చింది, విరామంలో అందరికీ పంచుదామని. గేటు దగ్గర సెక్యూరిటీవాడు బయటి తిండి లోపలికి కుదరదంటే, తినేది లోపల కాదు నాయనా, పంచేదే లోపల అని వాడి చేతిలో రెండు పెట్టింది.

పై అంతస్తులో గోడమీద వెలిగే బోర్డుంది. తొమ్మిదింటి ఆట ఎదురుగా ఏదో హిందీ సినిమా పేరు కనిపించింది. ఆదినారాయణ తప్పు బోర్డు చూస్తున్నాననుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత కౌంటరు దగ్గరకు వెళ్లాడు.

కౌంటరులో అమ్మాయి మెషీన్ చూసి చెప్పింది. “ఆ ఆట ఎనిమిదింటికి రద్దయింది అంకుల్. నలభై బుకింగులు లేవు.”

“ఎనభై ఆరున్నాయి. సాహూ బాబుకి ఇచ్చాను.”

“సిస్టంలో మూడే ఉన్నాయి. జె వరస, పదకొండు, పన్నెండు, పదమూడు. ఎవరో హైదరాబాద్ నంబరు నుంచి. వాళ్లకి డబ్బు తిరిగి వెళ్లిపోయింది, మెసేజ్ కూడా.”

ఆమె సాహూకు ఫోన్ చేసింది. సాహూ ఇంటినుంచి పది నిమిషాల్లో పరుగెత్తుకొచ్చాడు, చెప్పులతోనే. ఆదినారాయణను తన గదిలోకి తీసుకెళ్లాడు. బల్ల వెనక బోర్డు మీద రెండు కాగితాలూ పిన్నులతో నాలుగు మూలలూ సరిగ్గా గుచ్చి ఉన్నాయి. పారేయలేదు, చించలేదు. ఒక పెద్దాయన ఇంత కష్టపడి చుట్టాల పేర్లు రాసిస్తే దాచుకోవాలనుకున్నాడు ఆ కుర్రాడు. వాళ్లంతా యాప్‌లో వేసుకుంటారనే అనుకున్నాడు.

“ఇప్పుడు వెయ్యి బాబూ. జనం వచ్చేశారు. బైట నిలబడ్డారు.”

“ఆ హిందీ సినిమాకి అప్పుడే నూట పది టికెట్లు పోయాయి అంకుల్‌జీ. పోనీ ఇంకో హాలు చూద్దామన్నా తాళం ముంబై నుంచి రావాలి.” సాహూ ముంబైకి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆదివారం. నొక్కవలసిన అంకెలు చెప్పే గొంతు తప్ప మనిషి పలకలేదు.

ఆదినారాయణ బయటికొచ్చి చెప్పాడు. రెండు వాక్యాల్లో చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు.

ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. పార్సిల్ ఆఫీసులో ముప్పై మూడేళ్లు తిట్లు తిన్న మనిషి, వాటికి ఆయన దగ్గర జవాబులుండేవి. ఎనభై మంది మెట్ల దగ్గర మాట్లాడకుండా నిలబడ్డారు. ఎవరి పిల్లాడో పాప్‌కార్న్ కావాలని ఏడిస్తే తల్లి నోరు మూసింది. జ్యోతిర్మయి చేతిలో ఫోన్ ఉంది. దాన్ని చూడలేదు, ఆయన్నీ చూడలేదు.

చివరికి బంగార్రాజే నోరు విప్పాడు. “మా ఆడది నాలుగింటికి లేచి తలంటుకున్నాది. సినిమా లేకపోతే పోనీ, తలంటైనా మిగిలింది.” ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వి వెంటనే ఆపేశారు.

పోలయ్య దగ్గరకొచ్చి ఆదినారాయణ భుజం మీద చెయ్యి వేశాడు. “పోన్లే అల్లుడా. నా బతుకు నాకు తెల్దేటి, సినిమాలో సూడాలా?” అని, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు.

కనకం అరిసెల డబ్బా తెరిచి అక్కడే మెట్ల మీద అందరికీ పంచింది. తెచ్చినవి తిరిగి పట్టుకెళ్లకూడదంది. చేతుల్లో అరిసెలతో జనం ఆటోలెక్కారు.

ఇంటికొచ్చాక ఆమె చీర మార్చుకుని పొయ్యి వెలిగించింది. చాలాసేపటికి గుమ్మంలోకొచ్చి అడిగింది.

“ఆడికేటి చెప్తారు?”

ఆదినారాయణ ఫోను తీసి చార్జింగుకు పెట్టాడు.

రెండింటికి ఫోన్ మోగింది.

“నాన్నా. ఎలగైంది?”

“నిండిపోనాదిరా” అన్నాడు ఆదినారాయణ.

అనేశాక వెనక్కి తీసుకోవడం కుదరలేదు. ఈ సినిమా ఆయన చూడలేదు. కానీ కథంతా తెలుసు. రెండేళ్ల కిందట నాగేంద్ర ఇదే గదిలో, ఇదే మంచం మీద కూర్చుని ప్రతి సీనూ చెప్పాడు. ఇక జనం సంగతంటారా, ముప్పై ఏళ్లు హాలు వెనక గోడకు ఆనుకుని ఆయన తెరకన్న ఎక్కువ చూసింది జనాన్నే. ఏ మాటకు ఎవరు నవ్వుతారో, ఎవరు కళ్లు తుడుచుకుంటారో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఆ డ్రైవరు దుప్పటి కప్పుకునే సంతకం పెట్టే సీనున్నాది సూడు. బంగార్రాజు లేచి నిలబడిపోనాడు. ఒరే అది నేనేరా అని అరిసినాడు. వెనకోళ్లు కూకోమని ఒకటే గోల.”

“నవ్వినారా?”

“నవ్వడమేటి, హాలంతా. వాన సీనులో లాంతరు ఆరిపోయినప్పుడు మాత్రం ఆడోళ్లంతా అయ్యో అన్నారు.”

“అమ్మ ఎక్కడ కూర్చుంది?”

“నా పక్కనే. మధ్యలో. అమ్మ పక్కన పోలయ్య మావ. కోటేసుకొచ్చినాడు.”

“జె వరసేనా నాన్నా?”

కౌంటరు అమ్మాయి చెప్పిన మాట ఆదినారాయణకు అప్పుడు వినిపించింది, పొద్దున్న విననే లేదన్నట్టు. జె వరస. పదకొండు, పన్నెండు, పదమూడు. హైదరాబాద్ నంబరు. డబ్బు తిరిగి వెళ్లిపోయింది, మెసేజ్ కూడా. ఆ మూడు సీట్లూ తనకూ, కనకానికీ, పోలయ్యకూ వీడు కొన్నవి. ఆట పోయిందని తనకంటే ముందు, ఎనిమిదింటికే వీడికి తెలుసు. తాము అప్పటికి ఇంట్లో అరిసెలు సర్దుకుంటున్నారు. అప్పుడే ఫోన్ చేసి చెప్పడానికి వీడికి మనసొప్పలేదు. తెలిసీ ఇంతసేపూ విన్నాడు. నవ్వినారా అని కూడా అడిగాడు.

గుమ్మంలో కనకం గరిటె పట్టుకుని నిలబడిపోయింది. రెండో వారం సంగతి, సీరియల్ ఆఫీసు సంగతి ఇటునుంచి ఆయన ఎత్తలేదు. అటునుంచి కొడుకూ ఎత్తలేదు.

“చెప్పు నాన్నా” అన్నాడు నాగేంద్ర. “ఆఖరి సీను. కిటికీ దగ్గర. అప్పుడేటైంది?”

ఆఖరి సీనులో ఆ కాల్‌బాయ్ ఉద్యోగం ఊడిపోయి ఉంటాడు. ఫోన్లొచ్చేశాయి, పిలిచే పనిలేదు. అయినా అలవాటు కొద్దీ నాలుగింటికి లేచి వెళ్లి ఒక కిటికీ తడతాడు. రిటైరైన ముసలి డ్రైవరు లేచి, కిటికీ తెరిచి, డ్యూటీ లేకపోయినా ఆ పుస్తకంలో సంతకం పెడతాడు.

“సంతకం ఎట్టీసి కిటికీ మూసినాడు కదా” అన్నాడు ఆదినారాయణ. “అప్పుడు ఎవులూ మాటాడలేదురా.”

“ఎంతసేపు?”

ఆయనకు మాల్ మెట్లు కనిపించాయి.

“శానా సేపు” అన్నాడు.